యంత్రము తెచ్చిన ధరను నమ్మవచ్చునా?

ప్రతి ఉదయమును ఎవరో ఒకరు వెబ్ పుటను తెరచి, మార్కెట్ యార్డులో మిరపకాయల ధర ఎంతయున్నదో చూచి, కాగితముపై వ్రాసికొని పదిమందికి తెలుపుచుందురు. ఈ పనిని యంత్రమునకు అప్పగించు విధమెట్టిదో నేడు ముచ్చటింతము.

ఇందుకు రెండు సాధనములు కావలెను. మొదటిది వెబ్ స్క్రేపింగ్ ఏపీఐ. పుట చిరునామాను పంపినచో, ఇది ఆ పుటను తెరచి, అందలి సమాచారమును ఏరి, జేసన్ అను క్రమబద్ధమైన రూపమున తిరిగి ఇచ్చును. రెండవది పనులను వరుసగా నడపు ఆటోమేషన్ వేదిక. 2019లో బెర్లిన్ నగరమున వెలువడిన ఎన్‌ఎయిట్‌ఎన్ అట్టిది. ఇందలి ఒక్కొక్క మెట్టును నోడ్ అందురు.

మొదటి నోడ్ గడియారము వంటిది; ఉదయము 6 గంటలకు పనిని మేల్కొలుపును. రెండవదియగు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్ ఏపీఐకి అభ్యర్థనను పంపును. ఏపీఐ కీ ఇంటి తాళపుచెవి వంటిది. దానిని అభ్యర్థనలో బాహాటముగా వ్రాయక, వేదికలోని క్రెడెన్షియల్స్ విభాగమున భద్రపరుపవలెను. మూడవ నోడ్ సమాధానమును పరీక్షించును. నాల్గవది సందేశమును పంపును.

సమాధానముతో ఒక సంఖ్య వచ్చును. 401 వచ్చినచో కీ చెల్లలేదని అర్థము. 429 వచ్చినచో అడుగుట మితిమీరినదని అర్థము; కొంతసేపు ఆగి మరల అడుగవలెను. ఇవి తమ లోపమును తామే చాటుకొనును. జాగ్రత్తపడవలసినది 200 విషయమున. అంతయు సవ్యమని దాని భావము. కాని పుట రూపము మారినపుడు 200తోపాటు శూన్యమో, నిన్నటి ధరయో రావచ్చును. దానిని నమ్మి రైతు బస్తాలను బండికెత్తించినచో నష్టపడునది యంత్రము కాదు గదా! కావున మూడవ నోడ్ మూడు ప్రశ్నలు వేయవలెను: ధర ఉన్నదా? అది అంకెయేనా? తేదీ నేటిదేనా? ఒక్కటి తప్పినను సందేశము ఆగి, బాధ్యుడైన మనిషికి కబురు పోవలెను.

మరియొక మాట. ఏ పుటలలో యంత్రములు ప్రవేశింపరాదో తెలుపు రోబోట్స్ ఫైలు సంప్రదాయము 1994 నుండి కలదు. దానిని మన్నించుట మర్యాద. అంతకన్న మేలైన మార్గమును ఉన్నది. భారత ప్రభుత్వపు ఓపెన్ డేటా వేదిక మార్కెట్ల దినసరి ధరలను తన ఏపీఐ ద్వారానే ఇచ్చుచున్నది. గుమ్మము తెరచియుండగా కిటికీలోనుండి తొంగిచూడనేల?

అంకెను తెచ్చుట యంత్రము వంతు. అది నిజమని పలుకు బాధ్యత మాత్రము, మైకు ముందు కూర్చుండు మావలెనే, దానిని పంపినవారిదే.