వైరస్ వలన కలుగు రక్తనాళ శోథము – దాని చికిత్స

1866వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమున కుస్‌మౌల్, మేయర్ అను ఇద్దరు వైద్యశాస్త్రజ్ఞులు ఒక వింత వ్యాధిని వర్ణించిరి. రోగి 27 ఏండ్ల దర్జీ. జ్వరము, కండరముల నొప్పి, కడుపునొప్పి, కాలుసేతులు చచ్చుబడుట – ఇవి అతని బాధలు. కొలది వారములకే అతడు మరణించెను. శవపరీక్ష చేయగా అతని ధమనులపై పూసలు గ్రుచ్చినట్లు బొడిపెలు కనబడినవి. ఈ వ్యాధినే నేడు పాలీఆర్టెరైటిస్ నోడోసా అందురు.

వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నచోట కలుగు ఎఱుపు, వేడి, వాపు, నొప్పి – వీని సముదాయమే శోథము. వ్రేలి వాపు నాలుగు దినములలో తగ్గిపోవును. అదే ధమని గోడకు వచ్చినచో ఆ ధమని పోషించు అవయవమునకే ముప్పు. మూత్రపిండముల ధమనులు సన్నబడినచో రక్తపుపోటు పెరుగును. ప్రేగుల ధమనులైనచో భోజనానంతరము కడుపునొప్పి వచ్చును. నరములను పోషించు సన్నని నాళములు చెడినచో పాదము పైకి లేవక, నడచుచుండగనే చెప్పు జారిపోవును.

ఈ వ్యాధికి కారణము చాలకాలము తెలియలేదు. 1965లో అమెరికా శాస్త్రజ్ఞుడు బ్లంబర్గ్, ఆస్ట్రేలియా ఆదిమవాసి యొకని రక్తములో ఒక క్రొత్త ప్రోటీనును గుర్తించినట్లు ప్రకటించెను. అది హెపటైటిస్-బి వైరస్ యొక్క పైపొర యని పిమ్మట తేలినది. 1970లో కొందరు పాలీఆర్టెరైటిస్ రోగుల రక్తములోను, ధమనుల గోడలలోను ఈ ప్రోటీనే కనబడెను.

వైరస్ కాపురము కాలేయములో, చెడునది ధమని. ఇదెట్లు? వైరస్ సోకిన కాలేయకణములు పైపొర ముక్కలను అవసరమునకు మించి రక్తములోనికి వదలును. వానిని పట్టుటకు దేహము ప్రతిరక్షకములను తయారుచేయును. రెండును కలిసి చిన్న ముద్దలగును. దేహములోని పారిశుద్ధ్య కణములకు చిక్కని ముద్దలు, కాలువ చీలుచోట ఒండ్రు పేరుకొన్నట్లు, ధమనులు చీలుచోట గోడలలో దిగబడును. వానిని తొలగింపవచ్చిన తెల్లకణములు క్రుమ్మరించు రసములకు గోడయే కరగిపోవును. దొంగను పట్టవచ్చినవారు ఇంటినే కూల్చిరన్నమాట!

శోథమును అణచుటలో స్టెరాయిడ్ మందులు దిట్టలు. అవి రాక పూర్వము ఈ వ్యాధిగ్రస్తులలో అయిదేండ్లు బ్రతికినవారు నూటికి సుమారు 13 మందియే. వచ్చిన పిదప ఇంచుమించు సగము మంది బ్రతుకసాగిరి. కాని హెపటైటిస్-బి ఉన్నవారి విషయములో ఒక చిక్కు కలదు. స్టెరాయిడ్లు దేహరక్షణను తగ్గించుటయే గాక, వైరస్ వృద్ధికి నేరుగా తోడ్పడును. ధమని కుదుటపడునుగాని కాలేయము చెడును. మందు హఠాత్తుగా మానినచో అణగియున్న రక్షణబలము తిరగబడి, వైరస్ నిండిన కాలేయకణములను నాశనము చేయవచ్చును.

1980 తరువాత ఫ్రాన్సు వైద్యులు దీనికొక ఉపాయము కనుగొనిరి. ప్రాణాపాయమును తప్పించుటకు స్టెరాయిడ్లను కొలది వారములు మాత్రమే ఇచ్చి త్వరగా తగ్గింతురు. రోగి రక్తమును యంత్రము ద్వారా పోనిచ్చి, ముద్దలున్న ప్లాస్మాను తొలగించి, కణములను తిరిగి దేహములోనికి పంపుదురు. దీనితోపాటు వైరస్‌ను అణచు మందు నిత్తురు. మొదట విడరాబిన్, తరువాత ఇంటర్ఫెరాన్, పిమ్మట లామివుడిన్ వాడిరి. నేడు ఎంటెకవీర్, టెనోఫోవిర్ మాత్రలు వాడుచున్నారు. వైరస్ అణగిపోయినవారిలో ఈ శోథము మరల వచ్చుట అరుదు. కావున స్టెరాయిడ్లను ప్రారంభింపకముందే హెపటైటిస్ పరీక్ష చేయింపవలెను. ఈ ఒక్క పరీక్షను మరచినచో చికిత్స దారియే తప్పును.

హెపటైటిస్-సి వైరస్ కలిగించు శోథము వేరు విధమైనది. ఇందు రక్తములోని కొన్ని ప్రోటీనులు, చలికి నెయ్యి పేరుకొన్నట్లు, చల్లబడినప్పుడు గడ్డకట్టును. అందుచే పరీక్షకు తీసిన రక్తమును, సీరము వేరగువరకు, 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలోనే ఉంచవలెను. లేనిచో వ్యాధి ఉండియు లేనట్లు ఫలితము రావచ్చును. ఈ వైరస్‌ను 8 లేక 12 వారముల మాత్రలతో నూటికి 90 మందికి పైగా పూర్తిగా పోగొట్టవచ్చును.

హెపటైటిస్-బి వైరస్‌ను అట్లు నిర్మూలించు మందు లేదుగాని, అది సోకకుండ టీకా కలదు. వైరస్ పైపొర ప్రోటీనునే ఈస్టు కణములచే తయారుచేయించి దీనిని చేయుదురు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఇట్టి టీకాను మన దేశములో తొలిసారిగా తయారుచేసినది. 2011 నాటికి ప్రభుత్వ కార్యక్రమమున ఈ టీకా దేశమంతటికి విస్తరించెను. శిశువునకు తొలి మోతాదు పుట్టిన 24 గంటలలోను, తక్కినవి 6, 10, 14 వారములకును ఇత్తురు.