మంటకు మందు.. పచ్చి మండ!

ఎండాకాలం రాత్రి. మిద్దె మీద పడుకుని తూర్పుకు తిరిగితే నల్లమల కొండవాలున ఎర్రటి గీత.. మెల్లగా పాకుతూ. ప్రొద్దుటూరు అటవీ డివిజన్‌లోని వనిపెంట వైపు పల్లెలకు ఇది కొత్తకాదు. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల గుట్టలైనా, పులివెందుల వైపు గండి దగ్గరి పాలకొండలైనా అంతే. ఫిబ్రవరి వస్తే చాలు.. ఆకులు రాలి, బోదగడ్డి నిలువునా ఎండి, అడవంతా అగ్గిపుల్ల కోసం కాచుకున్నట్టు ఉంటుంది.

ఈ నిప్పు దానంతటది పుట్టదు. ఆర్పకుండా పారేసిన బీడీ, తేనెపట్టుకు పెట్టిన పొగ, కొత్తగడ్డి మొలుస్తుందని వేసిన అగ్గి.. కారణం దాదాపు ఎప్పుడూ మనిషే. భూమి వేడెక్కడం దానికి తోడైంది. ఎండలు ముదిరేకొద్దీ గడ్డిలో తేమ ఇగిరిపోతుంది. పొద దగ్గరే చచ్చిపోవాల్సిన నిప్పు కొండంతా తిరిగొస్తుంది.

పోయేదేమిటి? ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించిందీ కడప జిల్లా పొదల్లోనే. ఏటా నిప్పు పడితే లేత మొక్క ఎదిగేదెప్పుడు? నేలమీద తిరిగే పిట్ట దాక్కునేదెక్కడ?

ఫోనుకు కబురొస్తుంది.. కానీ!

ఇంత సాంకేతికత ఉంది కదా అంటారా? ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచీ ఉపగ్రహాల సాయంతో కార్చిచ్చుల్ని పసిగడుతోంది. మంట ఎక్కడుందో అటవీ సిబ్బంది సెల్‌ఫోన్‌కు సందేశం వస్తుంది. అయితే ఆ ఉపగ్రహాలు మన నెత్తిమీదుగా వెళ్లేది రోజుకు కొన్నిసార్లే. అవి చూపే ఒక్కో చుక్క, మేలైన వాటిలోనూ, 375 మీటర్ల చదరం. అందులో మంటను వెతుక్కుంటూ రాళ్లగుట్ట ఎక్కాల్సింది మాత్రం మనిషే. తీరా చేరాక చేతికి దొరికేది పచ్చి మండ. దాంతో కొట్టి కొట్టి ఆర్పడమే!

2014 మార్చిలో తిరుమల కొండల్లో అడవి అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు కుమ్మరించాయి. ప్రతి గుట్టకూ హెలికాప్టర్ రాదు. వచ్చినా గాలి ఒప్పుకోవాలి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడినప్పుడు తొలిరాత్రి పెనుగాలులకు విమానాలను దించేయాల్సి వచ్చింది. అమెరికాకే ఆ గతి!

అందుకే అసలు పని మంటకు ముందే ఉంది. ఎండలు ముదరకముందే గడ్డి చెక్కి ఫైర్ లైన్లు తీయాలి. ఊళ్లోవాళ్లనే కాపలా పెట్టుకోవాలి, వాళ్ల కూలి వేళకు అందాలి. ఉపగ్రహం మంటను చూపిస్తుంది. అగ్గిపుల్ల గీసే చేతిని ఆపలేదు. ఆ పని ఊరిదే.