మీకు తెలుసా? సీసాలో విస్కీకి వయసు పెరగదు

స్కాచ్ విస్కీ ముదిరేది ఓక్ పీపాలోనే. సీసాకెక్కాక ఎన్నేళ్లు దాచినా దాని వయసు మారదు. పీపాలో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. పాత విస్కీ ఖరీదులో ఆ నష్టమూ కలిసే ఉంటుంది.

1926లో పీపాకెక్కిన మెకాలన్ విస్కీని 60 ఏళ్ల తర్వాత, 1986లో నింపితే 40 సీసాలే వచ్చాయి. అందులో ఒకటి 2023 నవంబరులో లండన్ సోథెబీస్ వేలంలో 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. అది అరుదైన వస్తువుకు కట్టిన ధర, రుచికి కాదు. మరీ ఎక్కువకాలం పీపాలో ఉంచితే చెక్క వగరు విస్కీలోని పండ్ల పరిమళాన్ని మింగేస్తుంది. అందుకే అనుభవజ్ఞులు మూతి సన్నగా ఉన్న గ్లాసులో ముందు వాసన చూస్తారు, రెండు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూస్తారు, గుటక దిగాక రుచి ఎంతసేపు నిలిచిందో గమనిస్తారు.

లేబుల్‌పై 25 ఏళ్లని ఉంటే, అది అందులో కలిసిన విస్కీల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు.