తాబేలుకు అరటిపండు ఇష్టమే, కానీ...

తొలకరి వానలు పడిన వారంలో మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు చేతిసంచిలో తాబేలును వేసుకుని బడికి వచ్చాడు. చేను గట్టున దొరికిందట. నల్లని డిప్ప మీద పసుపు చారలు చుక్కల్లా విచ్చుకుని ఉన్నాయి. అది నక్షత్ర తాబేలు.

మధ్యాహ్నానికల్లా దాని ముందు విందు సిద్ధమైంది. పెరుగన్నం, బిస్కెట్లు, గిన్నెలో పాలు, ఎండుచేప కూడా! అది దేన్నీ ముట్టలేదు. ఒకమ్మాయి అరటిపండు ముక్క పెట్టగానే మెడ చాచి తినేసింది. "చూశారా మాస్టారూ, దీని ఆహారం అరటిపండే!" అన్నారంతా.

మీరైనా అలాగే అనేవారు. కాని ఇష్టమైనదల్లా ఆహారమవుతుందా? మీ ఇంట్లో రోజూ మూడు పూటలా జీళ్ళు పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

చెరువుల్లో ఉండే తాబేళ్ళలో చాలావరకు చేపల్ని, పురుగుల్ని తింటాయి. నక్షత్ర తాబేలు మెట్ట నేలల జీవి. గరిక, కలుపు మొక్కల ఆకులు, రాలిన పూలు, నాగజెముడు వంటివి దాని తిండి. పండు దొరకడం అరుదు. అందుకే దొరికినప్పుడు వదలదు.

తాబేలుకు పళ్ళు లేవు. కొమ్ములాంటి గట్టి పదార్థంతో ఏర్పడిన ముక్కుతో ఆకును తుంచి మింగేస్తుంది. ఆకులోని సెల్యులోజును అది స్వయంగా అరిగించుకోలేదు. ఆ పని పెద్దపేగులోని సూక్ష్మజీవులు చేస్తాయి. ఇది రోజుల తరబడి సాగే పని. పైగా తాబేలు శీతలరక్త జంతువు, ఎండలో ఒళ్ళు వెచ్చబడితేనే తిండి అరుగుతుంది. తీయని పండ్లు ఎక్కువైతే చక్కెర త్వరగా పులిసి, ఆ సూక్ష్మజీవుల సమతూకం చెడుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ఇక పాల సంగతి చెప్పాలా? పిల్లలకు పాలివ్వని సరీసృపానికి పాలెందుకు?

ఆ రోజు నేనూ ఒక పొరపాటు చేశాను. "ఆకులే కదా" అని పాలకూర తెప్పించాను. తాబేలు డిప్ప పైన తొడిగిన పెట్టె కాదు, పక్కటెముకలు, వెన్నెముక కలిసిపోయి ఏర్పడిన ఎముకల కట్టడం. దానికి కాల్షియం బాగా కావాలి. పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. అది కాల్షియంతో కలిసి కరగని పదార్థమై, ఒంటికి పట్టకుండా చేస్తుంది. మీ మాస్టారి ఎదుట సున్నపు తేటలో ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం కలిపించి చూడండి, తెల్లని అవక్షేపం కనిపిస్తుంది. (ఆ ఆమ్లం విషం. మీరు ముట్టుకోవద్దు.) ఒక పూట తింటే ప్రమాదం లేదు గాని, రోజూ అదే పెట్టి, ఎండ తగలని గదిలో ఉంచితే విటమిన్ డి కూడా కరువై డిప్ప మెత్తబడిపోతుంది.

పెంపుడు తాబేళ్ళ డిప్ప గుట్టలు గుట్టలుగా పెరగడానికి మాంసకృత్తులు ఎక్కువ కావడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. 2003లో ఆఫ్రికా తాబేలు పిల్లలపై జరిపిన ప్రయోగంలో తిండి కంటే గాలిలో తేమ తక్కువ కావడమే ముఖ్యమని తేలింది. అన్నట్టు, నక్షత్ర తాబేలు డిప్ప మీద సహజంగానే బుడిపెలుంటాయి. అది జబ్బు కాదు.

సెయింట్ హెలెనా ద్వీపంలోని జొనాథన్ అనే పెద్ద తాబేలు కథ వినండి. 2022లో దానికి 190వ పుట్టినరోజు చేశారు. ముసలితనంలో చూపు పోయింది, వాసన తెలియడం మానేసింది. మంచి గడ్డి ఏదో తెలుసుకోలేక చిక్కిపోయింది, ముక్కు మొద్దుబారి పెళుసైంది. పశువైద్యుడు వారానికోసారి కాబేజీ, క్యారెట్, కీరా, ఆపిల్ వంటివి చేత్తో తినిపించసాగాడు. ముక్కు తిరిగి పదునెక్కింది. దానికీ అరటిపండంటే మహా ఇష్టమే!

మరి మన నక్షత్ర తాబేలుకు రోజూ ఏం పెట్టాలి? మనం పెట్టనక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, ఇంట్లో పెంచడం నేరం. పెంపకం కోసం దొంగచాటుగా విదేశాలకు తరలించడం ఎక్కువై, 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు. ఈ సంగతి చెప్పేసరికి మా కుర్రవాడి ముఖం చిన్నబోయింది. ఆ సాయంత్రమే అటవీశాఖ వారికి కబురు పెట్టాం. వాళ్ళు వచ్చేలోగా ఆటస్థలం అంచున గడ్డిలో వదిలితే, అది ఎవరూ చూపించకుండానే గరిక కొనలు తుంచుకుంటూ నడిచింది. మా వాడు దాని పక్కనే గొంతుకూర్చుని, ఏ ఏ ఆకులు తిన్నదో నోటు పుస్తకంలో రాసుకున్నాడు.