దువా, దవా
మా పల్లెల్లో పసివాడు దడుచుకుంటే ఏ మతంవారైనా సాహెబు దగ్గరికే ఎత్తుకుపోతారు. ఆయన నెమలీకల కట్టతో తల నిమిరి, చదివి ఊది, తాయెత్తు కడతాడు. తల్లి మనసు కుదుటపడుతుంది. అది నేను కాదనను.

మతి చలించినవారి సంగతి వేరు. తమిళనాట ఏర్వాడి దర్గా చెంత ప్రైవేటు ఆశ్రయాల్లో అలాంటివారిని బంధువులు వదలిపోయేవారు. 2001 ఆగస్టు 6న ఒక పాక అంటుకుంది. కాళ్ళకు గొలుసులుండగా పారిపోలేక 28 మంది బలైపోయారు. గొలుసులు వేయరాదని 2017 నాటి చట్టం శాసించింది.

గుజరాత్‌లో ఉనావాలోని మీరాదాతార్ దర్గా 2010కి ముందే దారి చూపింది. అక్కడ ముజావర్లు దువా చేసి, రోగిని డాక్టరు దగ్గరికి పంపసాగారు. ముజావరు సరేనంటేనే కదా రోగి మందు మింగేది!

దువా అంటే ప్రార్థన, దవా అంటే మందు. తెలుగు మేష్టరును గనుక చెబుతున్నాను: రెంటికీ తేడా ఒక్క కొమ్మే. తాయెత్తు కట్టించుకోండి; మందు మాత్రం మానకండి.