ఎనిమిది అంకె మీద బండి నిలకడ

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆడవాళ్ల కార్యక్రమంలో మోటారు సైకిలు ఊసేమిటని మీరు అనుకోవచ్చు. మా అత్తగారూ అదే అన్నారు. కానీ నేను బండి నేర్చుకోవడానికి కారణం ఆవిడేనండీ. ఓ రాత్రి ఆవిడకు ఆయాసం వచ్చింది. చూస్తే మందు అయిపోయింది. మావారు రాత్రి డ్యూటీలో ఉన్నారు. ఆ రోజు స్నేహితుడి బండి మీద వెళ్లారు. మా బండి వాకిట్లోనే ఉంది, తాళంచెవి మేకుకు వేలాడుతోంది. మందుల షాపు రెండు కిలోమీటర్లు. పక్కింటి అబ్బాయిని నిద్రలేపి, పంపించి, మందు చేతికొచ్చేసరికి ముప్పావుగంట. అంతసేపూ ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాను. మర్నాడే లెర్నరు లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను.

ఆ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికొచ్చాక కనీసం 30 రోజులు గడిస్తేనే అసలు పరీక్షకు రానిస్తారు. ఈలోగా బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. నేర్పే మనిషిని తప్ప ఇంకెవరినీ వెనక కూర్చోబెట్టుకోకూడదు. ఆ మనిషికి లైసెన్సు ఉండాలి. ఇంకో మాట. గేరు లేని స్కూటరు మీద పరీక్ష ఇస్తే లైసెన్సు కూడా దానికే ఇస్తారు. ఇంట్లో ఉన్నది గేర్ల బండైతే ఆ బండి మీదే పరీక్ష ఇవ్వండి.

మొదటిసారి నేను తప్పాను. తిన్నగా బాగానే నడిపాను. ఎనిమిది అంకె మలుపులో బండి ఎడమకు ఒరిగింది, గాభరాపడి కాలు దించేశాను. బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును మనవైపు అలాగే అంటాం కదా) ఇక చాలమన్నట్టు చెయ్యి ఊపారు. తప్పు నాదే.

బండి ఎందుకు ఒరుగుతుందో నాకు అప్పటికి తెలియదు. చిన్నప్పుడు అరచేతి మీద చీపురుకట్ట నిలబెట్టే ఆట ఆడాం కదా! కట్ట కుడికి వాలితే చెయ్యీ కుడికే జరుపుతాం. బండీ అంతే. ఎటు వాలితే హ్యాండిలు అటే కొంచెం తిప్పాలి. అప్పుడు చక్రాలు మన బరువు కిందికి వస్తాయి. నేనేమో భయంతో అవతలి వైపుకి లాగాను. బండి ఇంకా వాలింది. వేగం ఉంటే చిటికెడు తిప్పితే చాలు. నడక వేగంలో గుప్పెడు తిప్పాలి. పరీక్షలో అందరూ తప్పేది ఇక్కడే. చక్రాలు బొంగరంలా తిరగడం వల్లే బండి నిలబడుతుందని చాలామంది చెబుతారు. 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు ఆ బొంగరం బలం పనిచెయ్యకుండా ఓ చిన్న సైకిలు తయారుచేసి తోసి వదిలారు. మనిషి లేకుండానే అది నిలబడి వెళ్లింది!

ఇక చెయ్యాల్సింది చెబుతాను. మొదటి గేరులో ఉంచి, క్లచ్చి పూర్తిగా వదలకుండా సగంలో పట్టుకోండి. రేజు ఒకే తీరుగా, సన్నగా ఉండాలి. వేగం ఎక్కువైందనిపిస్తే రేజు తగ్గించకుండా కుడికాలి బ్రేకును మెత్తగా ఆనించండి. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట ఆర్పకుండా సెగ సర్దినట్టన్నమాట. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి పోవద్దు, బండి ధబాలున పడేది అప్పుడే. మోకాళ్లు ట్యాంకుకు ఆనించి, మోచేతులు వదులుగా ఉంచండి. బండి మలుపులోకి వాలినా మన నడుము నిటారుగానే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం చూపు. నీళ్ల బిందె ఎత్తుకుని వచ్చేటప్పుడు బిందెను చూస్తామా, గడపను చూస్తామా? ముందు చక్రాన్ని చూస్తే దాని దగ్గరే పడతారు. సగం మలుపు తిరిగేసరికే మెడ తిప్పి తర్వాత వెళ్లబోయే చోటు చూడండి. నేను తెల్లారుజామున బడి మైదానంలో రెండు ఇటుకలు దూరంగా పెట్టుకుని వాటి చుట్టూ తిరిగాను. కొంగు, చున్నీ చక్రంలో పడకుండా గట్టిగా ముడివేసుకోండి. ఈ ఒక్కటి మరిచిపోయి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు.

మనవైపు రోడ్లకు కూడా ఇదే పాఠం. పాల్వంచ దాటి భద్రాచలం వెళ్తుంటే, ఆ అవతల దుమ్ముగూడెం వైపు పోతుంటే, రోడ్డు పక్క ఎర్రటి గులకరాళ్లు చక్రం కింద జారతాయి. వానకు అదే బురదవుతుంది. సందెవేళ అడవి నుంచి పశువులు వస్తుంటాయి. అక్కడా ముందు బ్రేకు బిగపట్టకూడదు. హ్యాండిలు కాస్త ఊగితే ఊగనివ్వాలి, చూపు దూరంగా ఉండాలి.

పరీక్ష తప్పితే దిగులు పడకండి, ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి. నేను రెండోసారి వెళ్లినప్పుడు చూపంతా మైదానం అవతలి వేపచెట్టు మీదే పెట్టాను. బండి ఊగింది గానీ కాలు కింద పెట్టలేదు.

మొన్న రాత్రి మందు మళ్లీ అయిపోయింది. తాళంచెవి తీసుకుని బయలుదేరాను. అత్తగారు మంచం మీద నుంచే, “ఇనప టోపీ పెట్టుకున్నావా, పట్టీ బిగించావా” అని కేకేశారు. పావుగంటలో వచ్చేశాను.