గెలిచిందెవరో... తేల్చేదెవరు?

‘నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే’ అనేవాళ్లకు చెప్పడానికి ఉత్తరాంధ్రలో ఒక అంకె ఉంది. తొమ్మిది!

1989 లోక్‌సభ ఎన్నికలు. అనకాపల్లి అప్పటికి విశాఖ జిల్లాలోనిదే. కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణ, తెలుగుదేశం అభ్యర్థి పి.అప్పలనరసింహం మీద గెలిచారు. ఎన్ని ఓట్ల తేడాతో అనుకున్నారు? అక్షరాలా తొమ్మిది. లక్షలమంది ఓటేసిన చోట తొమ్మిదంటే తొమ్మిదే! లోక్‌సభ చరిత్రలో ఇంతకన్నా తక్కువ ఆధిక్యం మరొకటి లేదు. 1998లో రాజ్‌మహల్‌లో గెలిచిన సోమ్ మరాండీదీ ఇదే లెక్క. ఆ రోజు అనకాపల్లిలో ఓ ఉమ్మడి కుటుంబం ఊరెళ్లకుండా ఆగిపోయినా ఫలితం తారుమారయ్యేదేమో.

ఇంత తక్కువ తేడాలో ఓడినవారికి లెక్క మీద అనుమానం వస్తే? గెలిచినవారు డబ్బు పంచారనో, తప్పుడు వివరాలిచ్చారనో ఫిర్యాదు ఉంటే? ఎవరికి చెప్పుకోవాలి?

నలభై అయిదు రోజులే!

ఫలితం ప్రకటించకముందే అయితే లెక్కింపు కేంద్రంలోనే రిటర్నింగ్ అధికారిని మళ్లీ లెక్కించమని రాతపూర్వకంగా అడగొచ్చు. ఒకసారి ప్రకటించేశాక ఆయన చేతుల్లో ఏమీ ఉండదు. ఇక మిగిలిన దారి ఒక్కటే... ఎన్నికల పిటిషన్. అదీ నలభై అయిదు రోజుల్లోపు, హైకోర్టులోనే వేయాలి. అభ్యర్థే వేయాలని లేదు, ఆ నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా వేయొచ్చు. ఓటింగ్ యంత్రాలను అన్నాళ్లూ స్ట్రాంగ్‌రూమ్‌లో భద్రంగా ఉంచేది అందుకే.

ఆరోపణ రుజువైతే కోర్టు ఎన్నికను రద్దు చేయొచ్చు, మరొకరిని విజేతగా ప్రకటించొచ్చు. అవినీతి పద్ధతులకు పాల్పడ్డారని తేలితే ఆరేళ్ల వరకూ పోటీకి అనర్హత వేటు పడొచ్చు.

ఆ వేటు రుచి తెలిసిన తెలుగు నేత మర్రి చెన్నారెడ్డి. 1967లో ఆయన తాండూరు నుంచి గెలిచారు. ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావు కోర్టుకెక్కారు. 1968 ఏప్రిల్‌లో హైకోర్టు ఎన్నికను కొట్టేసింది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టూ అదే మాటంది. అంతటి నాయకుడు ఆరేళ్లు పోటీకి దూరమయ్యారు. ఆ మరుసటి ఏడాదే ఆయన తెలంగాణ ప్రజా సమితికి సారథి అయ్యారు. 1978లో ముఖ్యమంత్రీ అయ్యారు.

తీర్పు వచ్చేసరికి...

అప్పట్లో హైకోర్టులో ఏడాదికి కాస్త అటూఇటూగా తేలింది. మరి ఇటీవల? 2018 డిసెంబరులో జరిగిన కొత్తగూడెం అసెంబ్లీ ఎన్నికనే తీసుకోండి. అఫిడవిట్‌లో తప్పుడు వివరాలిచ్చారన్న కారణంతో గెలిచిన అభ్యర్థి ఎన్నిక చెల్లదని, రెండో స్థానంలో ఉన్నవారే విజేత అని హైకోర్టు చెప్పింది 2023 జులైలో! దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అంతలోనే నవంబరులో మళ్లీ ఎన్నికలొచ్చేశాయి. గద్వాల విషయంలోనూ దాదాపు ఇదే కథ. ఎవరి వాదన సరైనదన్నది పక్కన పెట్టినా, అయిదేళ్ల పదవి మీద వివాదం తేలడానికి నాలుగున్నరేళ్లు పట్టిందన్నది మాత్రం నిజం. ఆరు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. కానీ తేల్చి తీరాలన్న నిర్బంధం లేదు.

పద్నాలుగు రోజుల గడువు

కెన్యాలో అలా కాదు. అధ్యక్ష ఎన్నిక మీద అభ్యంతరముంటే ఏడు రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లాలి. కోర్టు పద్నాలుగు రోజుల్లో తేల్చాలి. రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 2007 ఎన్నికల తర్వాత గొడవల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయాక 2010లో తెచ్చుకున్న రాజ్యాంగమది. 2017లో ఆగస్టు 8న పోలింగ్ జరిగితే సెప్టెంబరు 1నే ఆ ఎన్నికను కోర్టు రద్దు చేసింది. గెలిచినట్లు ప్రకటించింది పదవిలో ఉన్న అధ్యక్షుణ్నే అయినా సరే!

అమెరికాలో 2000లో బుష్, గోర్‌ల మధ్య ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లే. పోలింగ్ తర్వాత అయిదు వారాలు దేశమంతా ఊపిరి బిగబట్టింది. డిసెంబరు 12న సుప్రీంకోర్టు రీకౌంటింగ్‌కు తెరదించింది. మర్నాడు గోర్ ఓటమిని ఒప్పుకున్నారు.

అభివృద్ధి చెందిన దేశాల్లో అన్నీ చకచకా జరిగిపోతాయనుకుంటే పొరపాటే. జర్మనీలో ఫిర్యాదును ముందు పార్లమెంటే విచారిస్తుంది. దాని నిర్ణయం నచ్చకపోతే రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాలి. 2021 సెప్టెంబరులో బెర్లిన్‌లో పోలింగ్ అస్తవ్యస్తంగా జరిగితే, 455 కేంద్రాల్లో మళ్లీ ఓటేయించేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది.

రెండు ఓట్ల ముచ్చట

మన తొమ్మిదికే ఆశ్చర్యపోతున్నాం కదా... బ్రిటన్‌లోని వించెస్టర్‌లో 1997 మే 1న మార్క్ ఓటెన్ గెలిచింది రెండు ఓట్లతో! అధికారిక ముద్ర పడలేదని పక్కన పెట్టిన బ్యాలెట్లను కూడా లెక్కిస్తే గెలుపు తనదేనంటూ ఓడిన అభ్యర్థి కోర్టుకెళ్లారు. కోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. నవంబరు 20న ఉప ఎన్నిక పెట్టారు. ఓటర్లు ఈసారి ఎవరికీ అనుమానం మిగల్చలేదు. ఓటెన్ ఆధిక్యం 21,556! ఏడు నెలలు తిరక్కుండానే వ్యవహారం ముగిసింది.

ఎవరు తేల్చాలన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరు. కోర్టు కావొచ్చు, పార్లమెంటు కావొచ్చు. ఎప్పటిలోగా తేల్చాలన్నదే అసలు ప్రశ్న. ఓడినవారు ‘సరే’ అనుకుని ఇంటికెళ్లాలన్నా, గెలిచినవారు తలెత్తుకుని సభకు వెళ్లాలన్నా తీర్పు పదవీకాలంలోనే రావాలి. పిటిషన్ వేయడానికి మనకు నలభై అయిదు రోజుల గడువు ఉంది. తీర్పుకూ అలాంటిదొకటి ఉంటే... తొమ్మిది ఓట్లతో గెలిచినా, తొమ్మిది ఓట్లతో ఓడినా మనసులో మెలిక ఉండదు!